మధ్యాహ్నం వినపడని సముద్రం

విశాఖపట్నం మీద బాంబులు పడ్డ ఏడాది మా నాన్న కళాయి కొట్టుకి ఊపిరాడనంత పని వచ్చింది. పట్నం ఖాళీ చేసి రైళ్ళలోనూ ఎడ్లబళ్ళ మీదా వచ్చిన జనం అనకాపల్లిలో తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో, తెలియనివాళ్ళ అరుగుల మీద సర్దుకున్నారు. హడావుడిగా మూటలు కట్టుకొచ్చిన ఇత్తడి గిన్నెలు సొట్టలు పడి, లోపల పూసిన తగరం కళాయి పోయి, మా కొట్టు ముందు కుప్పలుగా ఉండేవి. నేను అప్పటికి ఫిజిక్సులో బి.ఎస్సీ. ప్యాసై, ఉద్యోగం దొరక్క, ఆ కొట్లో కూర్చుని కొలిమి తిత్తి ఆడిస్తున్నాను. మా వీధిలో అన్నీ ముస్లిం కుటుంబాలే, అందరూ కొట్లవాళ్ళో చేతిపనివాళ్ళో. డిగ్రీ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇంత చదువూ చదివి మళ్ళీ బొగ్గుల్లోకే వచ్చాడని ఎవరైనా అంటే మా నాన్న తలెత్తకుండానే జవాబు చెప్పేవాడు.

"బొగ్గులు మసే గానీ మైల కాదు."

ఒకరోజు పొద్దున్న మా కాలేజీ ఫిజిక్సు మాస్టారు కొట్టుకి వచ్చారు. విశాఖలో కాలేజీ మూతపడ్డాక ఆయన కుటుంబంతో సహా వచ్చి బెల్లం మార్కెట్ వెనక ఒక చిన్న ఇంట్లో దిగారని అప్పుడే తెలిసింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, జాలీ పడలేదు. చేతిలో తువ్వాలు చుట్టిన వస్తువొకటి ఉంది. విప్పితే అది పాత టెలిఫోన్‌లో మనం మాట్లాడే వైపు భాగం. దాన్ని లోపల బిగించి, ఒక్క నీటిచుక్క కూడా దూరకుండా చుట్టూ ఇత్తడి పెట్టె కట్టాలని, పెట్టెకి ఒక పక్క రేకు పల్చగా ఉండాలని మా నాన్నతో చెప్పారు. మా నాన్న ఆ వస్తువుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నీళ్ళు బయటికి కారకుండా సెయ్యడం నా పని బాబుగారూ. బయటి నీళ్ళు లోపలికి రాకుండా ఎప్పుడూ సెయ్యలేదు. సూద్దాం" అన్నాడు.

మాస్టారు పని ఏమిటో ఆ సాయంత్రం వాళ్ళింటి వసారాలో నాకు విడమరిచి చెప్పారు. యుద్ధంలో ఓడలు ఒకదానితో ఒకటి వైర్‌లెస్‌లో మాట్లాడుకుంటే శత్రువు కూడా వింటాడు. ఓడ ఎక్కడుందో కూడా పసిగడతాడు. అదే నీళ్ళ అడుగున చప్పుడు చేసి కబురు పంపితే, దగ్గర్లో చెవి పెట్టినవాడికి తప్ప ఎవరికీ తెలియదు. నీళ్ళలో ధ్వని గాలిలో కన్నా నాలుగు రెట్లు పైగా వేగంగా పోతుంది. ఆ మాట పుస్తకంలో చదివి పరీక్షలో రాసినవాణ్ణే గానీ, దానితో ఎవరైనా ఒక పని చెయ్యొచ్చని నాకు తట్టలేదు. విశాఖ రేవులో ఉన్న నౌకాదళం అధికారి ఒకాయన మాస్టారి మాట విని, చేసి చూపించమన్నాడట. చేతికి ఇచ్చినవి మాత్రం కొన్ని బ్యాటరీలు, చెవులకి పెట్టుకునే ఫోన్లు, సముద్రంలోకి పడవ తీసుకెళ్ళడానికి ఒక అనుమతి కాగితం. అంతే. సాయానికి మనిషి కావాలి. నువ్వు వస్తావా అని ఆయన అడగలేదు, రేపు పొద్దున్నే రమ్మన్నారు. వెళ్ళాను.

మొదటి పెట్టెను ఊరి బయట చెరకుతోటలో, ఒక రైతు వాడుకోమన్న నేలబావిలో దించాం. పావుగంటలో చెవిలో బుడబుడమని ఒక చప్పుడు, ఆ తర్వాత నిశ్శబ్దం. పైకి లాగితే పెట్టె నిండా నీళ్ళు. రెండోదీ అంతే. మూడోసారి మా నాన్న రేకు అంచులు రెండింటినీ ఒకదానిలోకి ఒకటి మడిచి, ఆ మడతలోకి కరిగిన తగరం పాకేలా లోపలా బయటా కళాయి పూశాడు. వైరు బయటికి వచ్చే చోట గుగ్గిలం, ఆముదం కలిపి దట్టించాడు. ఆ పెట్టె బావిలో పగలంతా ఉండి పొడిగా బయటికి వచ్చింది. మాస్టారు దాన్ని తువ్వాలుతో తుడిచి, లోపల వేలు పెట్టి చూసుకుని, మా నాన్నకి నమస్కారం పెట్టారు. ఆయనలాంటి మనిషి మా కొట్లో మా నాన్నకి చేతులు జోడించడం వీధిలో నలుగురూ చూశారు. ఆ వారమంతా మా నాన్న కొత్త లాల్చీ వేసుకునే కొట్లో కూర్చున్నాడు.

వానలు వెళ్ళి సముద్రం సర్దుకున్నాక సామాను ఎడ్లబండి మీద వేసుకుని అచ్యుతాపురం మీదుగా పూడిమడక వెళ్ళాం. ఈ రోజుల్లో ఆ దారిలో ఫ్యాక్టరీల గోడలూ కంపెనీ బస్సులూ తప్ప వేరే కనపడవు. అప్పుడు జీడితోటలు, తాటిచెట్లు, ఇసుక. ఊళ్ళో మాకు పడవ ఇచ్చిన మనిషి అరవై దాటిన జాలరి. తీగలాంటి ఒళ్ళు. ఆయనా, ఆయన పెద్దకొడుకూ చెరో పడవా నడిపేవారు. నేను ఆయన్ని మావా అని పిలిచేవాణ్ణి, ఆయన నన్ను బాబు అనేవాడు.

మొదటి రోజే ఆయన నా గర్వం అణిచాడు. నేను పెట్టె నీళ్ళలోకి దించి, చెవులకి ఫోన్లు తగిలించుకుని, ఏదో గురగురమని శబ్దం వస్తోంది, బ్యాటరీ పాడైనట్టుందని మాస్టారితో అన్నాను. ఆయన తెడ్డు నీళ్ళలో నిలువుగా దింపి, దాని పిడికి చెవి ఆనించి కాసేపు విన్నాడు.

"బేటరీ కాదు బాబూ. గొరక సేపలు. మంద పెద్దదే. దచ్చినం పక్కనుంది."

కొడుకు అటు వల వేశాడు. గురగురమనే ఆ చేపలే పడ్డాయి. మేము టెలిఫోన్, బ్యాటరీలు, మూడు పెట్టెలు ఖర్చుపెట్టి వినడం మొదలుపెట్టింది, ఆ మనిషి ఒక కర్రముక్కతో పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వింటున్నాడు. ఆ రోజు నుంచి నేను పడవ ఎక్కగానే ముందు ఆయన తెడ్డుకి చెవి పెట్టి వినేవాణ్ణి, తర్వాతే ఫోన్లు పెట్టుకునేవాణ్ణి.

కబురు పంపడానికి మాస్టారు అనుకున్న పద్ధతి తేలికైనదే. ఒక పడవ కింద నీళ్ళలో గంట వేలాడుతుంది. దాన్ని కొడితే రెండో పడవలో నేను వింటాను. తంతి ఆఫీసుల్లో వాడే చుక్కలూ గీతలే మా భాష. అనకాపల్లి రైల్వే స్టేషన్లో తంతి గుమాస్తా దగ్గర మేమిద్దరం ఆ భాష నెల రోజులు నేర్చుకున్నాం. గంటని పొడుగ్గా మోగించడం కుదరదు గనక ఒక దెబ్బ అంటే చుక్క, రెండు దెబ్బలు అంటే గీత అని పెట్టుకున్నాం.

బావిలో కొట్టి చూసినప్పుడు బాగానే ఉంది గానీ సముద్రంలో అది కుదరలేదు. అక్కడ నీళ్ళు లోతు తక్కువ. మాస్టారు ఒక దెబ్బ కొడితే ఆ చప్పుడు నేరుగా ఒకసారి, అడుగున ఇసుకకి తగిలి ఒకసారి, పైన నీటిమట్టానికి తగిలి మరోసారి నా చెవికి చేరేది. ఒకటి మూడయ్యేది, రెండు ఆరయ్యేవి. మాస్టారు ఇంగ్లీషులో 'రండి' అని పంపితే నా కాగితం మీద ఏ భాషలోనూ లేని మాట పడింది. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఆగి ఆగి కొట్టి చూశాం. ఒక్క మాట చేరడానికి అరగంట పట్టింది. ఈ లోపల ఓడ మునిగిపోతుందని మాస్టారే అన్నారు.

దానికి ఉపాయం నాకు మా కొట్లో దొరికింది. మా నాన్న కళాయికి వచ్చిన గిన్నెల్ని ముందు వేలి కణుపుతో కొట్టి వినేవాడు. ఒకరోజు కొలిమి వైపు తిరిగి కూర్చుని ఉండగా, నేను వెనక ఒక్కొక్క గిన్నే కిందపెడుతుంటే, ఆయన చూడకుండానే ఇది రాగి, ఇది ఇత్తడి, దీనికి అడుగున పగులుంది అంటూ పోయాడు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఆ రోజు మాత్రం నా చేతిలో గిన్నె చేతిలోనే ఉండిపోయింది. ఎన్ని దెబ్బలన్నది లెక్కపెట్టడం దేనికి? రెండు గంటలు పెడితే సరి. చిన్న గంట చుక్క, పెద్ద గంట గీత. ప్రతిధ్వని ఎన్నిసార్లు వచ్చినా చిన్న గంట చిన్నదే, పెద్ద గంట పెద్దదే.

పరుగున వెళ్ళి మాస్టారికి చెప్పాను. ఆయన వసారాలో అటూ ఇటూ నాలుగుసార్లు నడిచి, ఇది నాకెందుకు తట్టలేదు అని తనని తానే అడిగారు. నా జన్మలో నేను పొందిన మొదటి బిరుదు అదే. తర్వాతి కాలంలో ఎలక్ట్రానిక్ యంత్రాలతో నీళ్ళలో సమాచారం పంపేటప్పుడు, ఒక గుర్తుకి ఒక స్వరం, ఇంకో గుర్తుకి ఇంకో స్వరం వాడే పద్ధతిని ఏళ్ళ తరబడి విద్యార్థులకి పాఠంగా చెప్పాను. చెప్పిన ప్రతిసారీ లోపల ఒక చిన్న పొంగు వచ్చేది. బయటికి కనపడనిచ్చేవాణ్ణి కాను.

గంటలు తయారుచెయ్యడం మళ్ళీ మా నాన్న వంతే. గాలిలో చక్కగా వేరువేరుగా పలికిన గంటలు నీళ్ళలోకి దించేసరికి రెండూ బొంగురుపోయి ఒకేలా వినిపించాయి. ఆయన పెరట్లో నీళ్ళ తొట్టిలో గంటలు ముంచి, తొట్టి అంచుకి చెవి పెట్టి, తీసి ఆకురాయితో అరగదీసి, మళ్ళీ ముంచి, పది రోజులు అదే పని. మా అమ్మ తొట్టి ఖాళీ లేక పక్కింటి నుంచి నీళ్ళు తెచ్చుకుని ఇల్లు గడిపింది. చివరికి ఒకటి సన్నగా, ఒకటి బరువుగా, తప్పుపోవడానికి వీల్లేనంత తేడాతో పలికాయి. తాడు లాగి వదిలితే సుత్తి వచ్చి గంటని కొట్టేలా స్ప్రింగు కూడా ఆయనే అమర్చాడు. ఎడం చేతి తాడుకి చిన్న గంట, కుడి చేతి తాడుకి పెద్ద గంట. పొద్దున్నపూట ఒక మైలు దూరం నుంచి మాస్టారు పంపిన ఒక పూర్తి వాక్యం నాకు చేరింది. మరో వారానికి మైలున్నర.

అప్పుడు మాస్టారు అధికారికి కబురు పెట్టారు.

ఆ అధికారి తెల్లవాడు, నాకన్నా నాలుగైదేళ్ళు పెద్ద ఉంటాడేమో. పొద్దున్న ఎనిమిదింటికి వస్తానన్న మనిషి దారిలో కారు ఆగిపోయి, పూడిమడక చేరేసరికి రెండు దాటింది. ఫాల్గుణమాసం చివర, గాలి లేదు, ఎండ నిప్పులు చెరుగుతోంది. సముద్రం అద్దంలా ఉంది. ఇంతకన్నా మంచి రోజు దొరకదని మాస్టారు అన్నారు. అధికారి నా పడవలో కూర్చున్నాడు. మైలు దూరంలో మాస్టారు తాళ్ళు లాగుతున్నట్టు మసకగా తెలుస్తోంది. చెవిలో మాత్రం ఏమీ లేదు. వైర్లు కదిపాను, బ్యాటరీ మార్చాను. పడవని అర మైలుకి తెచ్చాం. ఏదో గొణిగినట్టు వచ్చి పోయింది. అధికారి ఫోన్లు తన చెవులకి పెట్టుకుని పది నిమిషాలు ఓపిగ్గా విని, తీసి నా చేతికి ఇచ్చేశాడు. మీ శ్రమ తెలుస్తోంది, ఇంకా కొంత పని ఉన్నట్టుంది అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆయన కారు వెళ్ళిపోయాక మాస్టారు ఇసుకలో కూలబడ్డారు. పెట్టెలో నీళ్ళు చేరాయనుకుని విప్పాం. పొడిగా ఉంది. గంటలు సరిగ్గానే ఉన్నాయి. ఇదంతా చూస్తూ జాలరి పడవ పక్కన నిలబడి వల విదిలిస్తున్నాడు.

"పెట్టెనేటి సేత్తారు బాబూ, పెట్టె మంచిదే. మద్దేనం ఎండ కాత్తే పైనీళ్ళకి సెవుడొచ్చేత్తాది. సేపల మాటే ఇనపడదు, మీ గంటేటి ఇనపడతాది? పొడుగు గెడ లోతుకి దింపితే అప్పుడు ఇనపడతాది."

"మరి ముందే చెప్పలేదేం మావా?"

"నువ్వడిగేవేటి?"

మాస్టారు ఆ మాట పట్టించుకోలేదు. బ్యాటరీల్లోనే ఏదో లోపం ఉందని ఆయన నమ్మకం. నాకు మాత్రం ఆ మాట దిగబడిపోయింది. ఎందుకంటే మేము అంతవరకూ పని చేసిందంతా పొద్దున్నపూటే. ఎండ ముదరకముందే తీరం చేరేవాళ్ళం. మధ్యాహ్నం విన్నది ఆ ఒక్కసారే.

ఆ తర్వాత నెల రోజులు నేను జాలరి ఇంట్లోనే ఉన్నాను. అన్నం వాళ్ళింట్లో, పడక పడవ నీడలో. అమ్మ మనసొప్పక ఒకసారి మా నాన్నతో రొట్టెలూ పచ్చడీ పంపింది. నేను చేసినది ఇది. ఒక సీసాకి బరువు కట్టి, మూతకి వేరే తాడు కట్టి, కావలసిన లోతుకి దించి మూత లాగేవాణ్ణి. ఆ లోతు నీళ్ళు సీసాలోకి చేరేవి. గబగబా పైకి లాగి థర్మామీటరు ముంచేవాణ్ణి. బారెడు లోతున ఎంత, నాలుగు బారల లోతున ఎంత, ఎనిమిది బారల లోతున ఎంత. పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం. ప్రతిసారీ గంట ఎంత దూరం నుంచి వినపడిందో రాసుకునేవాణ్ణి. గంట తాళ్ళు జాలరి కొడుకు లాగేవాడు. కాగితం దొరకని రోజుల్లో పాత క్యాలెండర్ల వెనక వైపు రాశాను.

వారం తిరిగేసరికి జాలరి మాట అంకెల్లో కనపడింది. పొద్దున్న పైనీరూ లోతునీరూ ఇంచుమించు ఒకే వేడి. గాలి లేని ఎండరోజున మధ్యాహ్నానికి పైనీరు వేడెక్కేది, లోతునీరు అలాగే ఉండేది. అలాంటి రోజునే గంట వినపడేది కాదు. గాలి బాగా వీచి పైనీరూ కిందనీరూ కలిసిపోయిన రోజు మధ్యాహ్నం కూడా వినపడేది. వేడినీళ్ళలో ధ్వని వేగంగా పోతుంది, చల్లని నీళ్ళలో నెమ్మదిగా పోతుంది. వేగాలు తేడాగా ఉన్న చోట అది తిన్నగా పోదు, నెమ్మదిగా పోయే వైపు ఒంగుతుంది. ఎండాకాలం తారురోడ్డు మీద నీళ్ళు ఉన్నట్టు కనపడేది కూడా ఇలాంటి కారణంతోనే, వేడిగాలిలో వెలుతురు ఒంగి. మా గంట చప్పుడు మైలు దూరం వచ్చేలోపల కిందికి ఒంగి, నా పెట్టె కింద నుంచి పోయి, ఇసుకలో కలిసిపోతోంది. పెట్టె తప్పు కాదు, బ్యాటరీ తప్పు కాదు. పెట్టె వేలాడుతున్న చోటు తప్పు.

ఆ క్యాలెండర్లు చుట్టచుట్టి అనకాపల్లి తీసుకొచ్చి మాస్టారి ముందు పరిచాను. ఆయన ఒప్పుకోలేదు. రెండు మూడు డిగ్రీల తేడాకి అంత దూరం చప్పుడు మాయమవదని, లెక్క వేసి చూడమని కోప్పడ్డారు. లెక్క వేసే తెచ్చాను మాస్టారూ అని ఆ కాగితం కూడా పెట్టాను. జీవితంలో ఆయనకి ఎదురుచెప్పడం అదే మొదలు. ఆయన కాగితాలన్నీ తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. రెండు రోజులు ఏ కబురూ లేదు. నేను కొట్లో తిత్తి దగ్గర కూర్చున్నాను గానీ చెయ్యి ఆడలేదు.

మూడో రోజు పొద్దున్నే ఆయనే కొట్టుకి వచ్చారు. బల్ల మీద కూర్చుని, అందరూ వింటుండగా చెప్పారు.

"ఏమోయ్, మూడుసార్లు లెక్క వేశాను. నువ్వన్నదే నిజం. ఆ జాలరి అన్నదీ నిజం. నేనే వినిపించుకోలేదు."

తర్వాత మా నాన్న వైపు తిరిగి, ఈసారి పెట్టె ఎనిమిది బారల లోతుకి దిగాలి, ఆ లోతున నీటి బరువుకి ఇప్పుడున్న రేకు నలిగిపోతుంది, ఇంకోటి కావాలి అన్నారు. మా నాన్న పక్కనున్న పెద్ద వంట డేక్సా బోర్లించి, దీని అడుగులా ఉబ్బుగా కొడతాను బాబుగారూ, ఎంత బరువైనా తట్టుకుంటాది అన్నాడు. గోళాకారం ఒత్తిడికి ఎందుకు ఆగుతుందో మాస్టారు నాకు క్లాసులో రెండు గంటలు చెప్పిన సంగతి గుర్తొచ్చింది. నాలుగో పెట్టె అలా తయారైంది.

రెండోసారి అధికారిని పిలిచినప్పుడు మాస్టారు ఉత్తరంలో మధ్యాహ్నమే రమ్మని, గాలి లేని రోజు చూసి రమ్మని రాశారు. ఆయన వచ్చాడు. మాస్టారికి ఆ వారం భుజం పట్టేసి చెయ్యి లేవడం లేదు. జాలరి కొడుకు రెండో పడవ నడపాలి. గంట తాళ్ళు ఎవరు పట్టాలని తర్జనభర్జన పడుతుంటే మా నాన్న ముందుకు వచ్చాడు. ఆయన నాతో కలిసి సామాను దింపడానికి వచ్చాడంతే. అంతకు ముందు ఎప్పుడూ సముద్రంలో అడుగు పెట్టినవాడు కాదు.

"ఏ తాడు ఎప్పుడు లాగాలో మాస్టారు సెప్తారు, నేను లాగుతాను. కొట్టడం నాకు కొత్తేటి?" అన్నాడు.

అధికారి ఈసారి జాగ్రత్తపడ్డాడు. తన జేబులోంచి కాగితం తీసి, మాకెవరికీ చూపించకుండా ఏదో రాసి, మడిచి, వాళ్ళ పడవ మైలు దూరం వెళ్ళాకే విప్పాలని మాస్టారికి ఇచ్చాడు. మాస్టారూ మా నాన్నా రెండో పడవ ఎక్కారు, అధికారి నా పడవ ఎక్కాడు. జాలరి తెడ్డు వేశాడు. ఎనిమిది బారలు కొలిచి పెట్టె దించాను. సముద్రం మీద ఎండ కళ్ళు తెరవనివ్వడం లేదు. అక్కడ, దూరంగా, పడవలో మా నాన్న తెల్ల టోపీ ఒక్కటే తెలుస్తోంది.

మొదటి దెబ్బ వినపడింది. పెద్ద గంట. వెనకే దాని ప్రతిధ్వనులు, ఒకటి, రెండు, వాడిపోతూ. నాకు వాటితో పని లేదు. తర్వాత చిన్నది. మళ్ళీ చిన్నది. పెన్సిలు దానంతట అదే కదిలింది. ఆ దెబ్బల మధ్య ఎడం చూస్తే మా కొట్లో కూర్చుని వింటున్నట్టే ఉంది. తొందర లేదు, తడబాటు లేదు, గిన్నె చుట్టూ తిప్పుతూ సొట్ట తీసేటప్పుడు వేసే దెబ్బలు ఎలా పడతాయో అలాగే పడుతున్నాయి. ఇంగ్లీషు అక్షరం ఒక్కటీ రాని మా నాన్న చేతి నుంచి ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరమే మైలు సముద్రం అడుగున నడిచి నా చెవిలో పడుతోంది. నా కళ్ళు ఎందుకు చెమర్చాయో అధికారికి తెలిసే అవకాశం లేదు. ఎండ వల్ల అనుకుని ఉంటాడు.

పూర్తయ్యాక కాగితం ఆయన చేతికిచ్చాను. ఎండ మండిపోతోంది, రెండు కొబ్బరిబొండాలు పంపండి అని ఉంది అందులో. కొబ్బరి అన్న మాటలో ఒక్క అక్షరం తప్పు పోయింది. ఆయన చదివి, పెద్దగా నవ్వి, నాకు చెయ్యి అందించాడు. తర్వాత జాలరికీ అందించాడు. జాలరి తడిచెయ్యి పంచెకి తుడుచుకుని, ఆ చెయ్యి పట్టుకుని, ఇప్పుడేం చెయ్యాలో తెలియక నా వైపు చూశాడు. అవతల గంట కొట్టిందెవరని అధికారి అడిగాడు. మా నాన్న అన్నాను. ఆయన ఏం చేస్తాడన్నాడు. గిన్నెలకి కళాయి వేస్తాడన్నాను. నేను వేళాకోళం ఆడుతున్నానని అనుకున్నట్టు కాసేపు నా మొహంలోకి చూశాడు. ఒడ్డుకి వచ్చాక మాస్టారు అదే మాట చెబితే అప్పుడు నమ్మి, మా నాన్న దగ్గరికి నడిచి వెళ్ళి సెల్యూట్ చేశాడు.

ఇంటికి వచ్చే బండిలో మా నాన్న అడిగాడు, ఇంతకీ నేను పంపిందేటి అని. చెప్పాను.

"ఇంత తిప్పలూ బొండాలకా?" అన్నాడు. మాస్టారు అంతగా నవ్వడం నేను అంతకు ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

మా గంటలు యుద్ధానికి పనికి వచ్చాయని చెప్పను, రాలేదు. నివేదిక పై అధికారులకి వెళ్ళింది, బాగుందని జవాబు వచ్చింది, ఈలోగా విదేశాల నుంచి కరెంటుతో పలికే పరికరాలు వచ్చాయి, యుద్ధమూ అయిపోయింది. కానీ ఆ నివేదిక నకలు ఒకటి నా దగ్గర ఉంది. రెండు గంటల పద్ధతి నాదని, నీటివేడి కొలతలు నావని మాస్టారు పేరు పెట్టి రాశారు. పెట్టెలూ గంటలూ చేసినవాడి పేరు, ఊరు రాశారు. మధ్యాహ్నం సంగతి మొదట చెప్పిన జాలరి పేరు, ఊరు రాశారు. అప్పటి నివేదికల్లో అలాంటివారి పేర్లు రాసే అలవాటు లేదు. టైపు కొట్టిన గుమాస్తా ఆ పేజీ అవసరమా అని అడిగితే, మిగతా పేజీలు తీసేసినా ఫరవాలేదు అది ఉండాలన్నారట. నేను పూడిమడక వెళ్ళి ఆ పేజీ చదివి వినిపిస్తే జాలరి తన పేరు వచ్చిన చోట ఇంకోసారి చదవమన్నాడు. తర్వాత భార్యని పిలిచి, మళ్ళీ చదవమన్నాడు.

యుద్ధం తర్వాత ఒక విదేశీ పత్రిక మాస్టారి చేతికి వచ్చింది. మధ్యాహ్నం సంగతిని మాకన్నా ముందే వేరే దేశం వాళ్ళు కనిపెట్టి, యుద్ధరహస్యమని దాచిపెట్టారని అందులో ఉంది. మనం కొత్తగా చేసిందేమీ లేదన్నమాట అన్నాను. మాస్టారు పత్రిక మూసి పక్కన పెట్టారు.

"ముందు ఎవరన్నది వాళ్ళు చూసుకుంటారు. వాళ్ళకి ఓడలున్నాయి, పరికరాలున్నాయి. నీకు సీసా ఉంది, తాడు ఉంది. ఇద్దరూ ఒక్క చోటికే చేరారు. ఇంకేం కావాలోయ్ నీకు?"

అప్పుడు ఆ మాట సర్దిచెప్పడంలా తోచింది. నలభై ఏళ్ళు ఈ పనిలో గడిపాక, ఎంతోమంది పనిని పరీక్షించే స్థానంలో కూర్చున్నాక, ఆయన ఉన్నమాటే అన్నారని తెలుసుకున్నాను.

దేశానికి స్వతంత్రం వచ్చిన మరుసటి ఏడు, నీళ్ళ అడుగున ధ్వని మీద పని చెయ్యడానికి కొత్తగా పెట్టిన ఒక ప్రయోగశాలలో నాకు ఉద్యోగం వచ్చింది. వెళ్ళేటప్పుడు మా నాన్న స్టేషను దాకా రాలేదు, కొట్టు వదిలి రావడం కుదరలేదు. వీధి చివరి దాకా వచ్చి, మా భాషలో ఖుదా హాఫిజ్ చెప్పి వెనక్కి తిరిగాడు. ఆ సాయంత్రం కళాయికి వచ్చిన ప్రతివాడికీ నా ఉద్యోగం గురించి చెప్పాడట. సముద్రం లోపల తంతి ఆఫీసు పెడుతున్నారు, దానికి మావాడే పెద్ద అని. మావాడే పెద్ద అన్నది అబద్ధం. అప్పటికి నేను అందరికన్నా చిన్నవాణ్ణి.

కొన్నేళ్ళకి అది నిజం కూడా అయింది. ప్రయోగశాల నా చేతికి వచ్చాక నేను పెట్టిన నియమం ఒక్కటే. కొత్తగా చేరిన ఎవరైనా, ఎంత పెద్ద డిగ్రీ ఉన్నా, పరికరం ముట్టుకునే ముందు ఒక నెల జాలరుల పడవల్లో తిరిగి రావాలి. కొందరు గొణిగారు. ఒకరిద్దరు పైవాళ్ళకి ఫిర్యాదు కూడా చేశారు. నేను మార్చలేదు. నెల తిరిగి వచ్చినవాళ్ళని నేను అడిగేది మీరేం కొలిచారని కాదు, జాలరుల్ని ఏమడిగారని.